శనివారం పరదేశి

ఆమె శుక్రవారం పొద్దుమునిగే వేళకు పోయింది. అందువల్ల శనివారమంతా ఎవరూ గుంత తవ్వలేదు.

మా అత్తా నేనూ పొద్దున్నే కాలనీకి నడిచి వెళ్ళేసరికి ఆ ఇంటి ముందు చావింటి లక్షణాలేవీ కనపడలేదు. నెగడు లేదు, పలక మోత లేదు, గుండెలు బాదుకునే ఆడవాళ్ళు లేరు. తెల్లచీరలు కట్టుకున్న కొందరు గోడవార కూచుని సన్నగా పాడుతున్నారు. ముందురోజు సాయంత్రం ఆమె మరుసటి రోజుకని సంగటి కెలుకుతూ కెలుకుతూ పొయ్యి ముందే పక్కకు ఒరిగిందట. ఆటో మాట్లాడుకొచ్చేంత వ్యవధి కూడా ఇవ్వలేదట. అప్పటికే ఆమె చేసిన ముద్దలు దబరలో మూత కింద అట్లాగే ఉన్నాయి. పొద్దు మునిగింది కాబట్టి వాళ్ళకు విశ్రాంతి దినం మొదలైపోయింది. గుంత తవ్వడం పని, కాబట్టి ఆదివారం దాకా ఆగాలి. బెంగుళూరులో కట్టడం పనికి పోయిన కొడుకు కూడా అప్పటికి చేరుకుంటాడు. చలికాలం గనక ఆగొచ్చు అనుకున్నారు.

ఆమె భర్త వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూచుని ఉన్నాడు. మా అత్తను చూడగానే లేచి నిలబడ్డాడు.

"మోకాళ్ళు ఎట్లుండాయి రెడ్డెమ్మా? ఇంత దూరం నడిచి వస్తిరే" అన్నాడు.

లోపల భార్య శవం ఉంది. ఆ మనిషి నోట్లోంచి మొదట వచ్చిన మాట అది. మా అత్త నేరుగా లోపలికి పోయింది.

మా అత్త మోకాళ్ళకు ఏ రోగమూ లేదు, ఎప్పుడూ లేదు. మరి ఆయన ఎందుకట్లా అడిగాడో చెప్పాలంటే ఆ పోయినామె సంగతి చెప్పాలి.

తొంభైల చివర్లో నేను ఆ ఊరికి కోడలిగా వచ్చాను. మాది బుక్కరాయసముద్రం. చెరువుకట్ట మీద ఆడుకుంటూ పెరిగినదాన్ని, నీళ్ళంటే నాకు కంటినిండా చూసేవి, బిందెతో కొలుచుకునేవి కావు. కుందుర్పి అవతల, కర్ణాటక గాలి తగిలే ఊళ్ళో సంబంధం అనగానే మా నాయన భూమి ఎంతుందో అడిగాడు గానీ బోరులో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో అడగలేదు. నేను కాపురానికి వచ్చిన కొద్దికాలానికే మా బోర్లు ఒకదాని తర్వాత ఒకటి గాలి ఊదడం మొదలుపెట్టాయి. ట్యాంకరు వస్తే నీళ్ళు, రాకపోతే లేవు. నా ఖర్మ కాకపోతే ఏమిటని ఏడ్చుకునేదాన్ని, అదీ పని చేసుకుంటూనే.

ఎందుకంటే ఆ ఇంట్లో పట్టపగలు ఆడది కూచోకూడదు. అట్లా అని ఎవరూ చెప్పలేదు. మా అత్త కూచోదు, కాబట్టి నేనూ కూచోకూడదు. వాకిట్లో కాలు మడిచి కాసేపు నడుం వాల్చానా, ఎక్కడినుంచో ఆమె గొంతు వినపడేది: "ఏమే, పనేమీ లేదా?" మనిషి కనపడేది కాదు, గొంతు మాత్రం వచ్చేది. గోడలే అడుగుతున్నాయేమో అనిపించేది. తలుపులకు గడియల్లేని ఇల్లే గానీ బయటికి పోయే దారి ఎక్కడుందో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు.

ఆ పోయినామె మా ఇంటికి విత్తనం వేరుశనగ కాయలు ఒలవడానికి వచ్చేది. అప్పటికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. సన్నగా, గట్టిగా, చెంపల దగ్గర వెంట్రుకలు నెరిసి, తల మధ్యలో కొంచెం బట్టతల వచ్చి ఉండేది. ఆడదానికి బట్టతలేమిటని నేను అనుకుంటుంటే తనే చెప్పింది, "బిందె కూచునే తావమ్మా, ఆడ వెంట్రుక మొలిచేదానికి తీరిక యాడిది" అని. బిందె కింద పెట్టుకునే గుడ్డచుట్ట ఎప్పుడూ నడుం దగ్గర దోపుకుని ఉండేది. పేరు రాయను. రాసినా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ ఇంటినంతా కలిపి శనివారమోళ్ళు అనేవారు.

కాలనీలో క్రైస్తవులు ముందునుంచీ ఉన్నారు. అందరూ ఆదివారమే గుడికి పోయేవాళ్ళు. బళ్ళారి వైపు నుంచి ఒక బోధకుడు వచ్చి, దేవుడు ఆరు దినాల్లో లోకాన్ని చేసి విశ్రమించింది ఏడో దినం, ఆ ఏడో దినం శనివారమే అని చెప్పిపోయాక ఆమె భర్తా, ఇంకా కొన్ని ఇళ్ళవాళ్ళూ అటు మళ్ళారు. శుక్రవారం పొద్దు మునిగింది మొదలు శనివారం పొద్దు మునిగేదాకా పొయ్యి వెలిగించరు, ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు, కూలికి పోరు. ఆ భర్త చెడ్డవాడు కాడు. తాగడు, చెయ్యెత్తడు, అబద్ధం ఆడడు. నమ్మితే నిండా నమ్మే మనిషి. ఒక ఏడు శుక్రవారం రాత్రి మంచి వాన పడి, శనివారం ఊరంతా గొర్రులు కట్టి విత్తనం వేస్తుంటే ఆయన మాత్రం వాక్యపుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఇంట్లో కూచున్నాడు. ఆదివారం ఆయన విత్తేసరికి గాలి పదునంతా లాక్కుపోయింది. ఆ ఏడు అందరి చేన్లూ ఒక్కలాగే ఎండిపోయాయి గనక ఊరివాళ్ళకు ఆయన్ను చూసి నవ్వే అవకాశం దక్కలేదు.

ఆయన విశ్రాంతికి ఆమె శుక్రవారమంతా సిద్ధపాటు చేసేది. అది వాళ్ళ మాటే, సిద్ధపాటు. రెండు పూటల సంగటి ఒకే పూట కెలికి ముద్దలు చేసి పెట్టడం, వేరుశనగ బుడ్డల చట్నీ నూరడం, గొడ్లకు మేత కోసి కుప్ప వేయడం, ఇల్లు అలకడం, తెల్లబట్టలు ఉతికి ఆరేయడం. ఇన్ని చేసినా నీళ్ళు మాత్రం ముందే తెచ్చి పెట్టుకునే వీల్లేదు. ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడే, ఉన్న బిందెల్లో ఎన్ని పడితే అన్నే. శనివారం హారన్ మోగితే? ఈ ప్రశ్న వాళ్ళ కూటంలో లేచిందట. గోతిలో పడిన ఎద్దును ఆ దినమైనా తీయొచ్చు గదా, అట్లాగే నీళ్ళు పని కాదు, అవసరం, తెచ్చుకోవచ్చని తీర్మానించారట. తెచ్చేది ఎవరన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికేముంది? మా వైపు మగవాడు బిందె ఎత్తడు. అది ఏ మతంలోనూ లేదు.

"అవసరమంతా నా పాలికి వచ్చినాది, విశ్రాంతంతా ఆయప్ప పాలికి పోయినాది" అని కాయలు ఒలుస్తూ నవ్వేది. ఎద్దులకు శనివారం సెలవు. ఆ ఎద్దులు తాగే నీళ్ళు మోసేదానికి సెలవు లేదు.

ఆ కాయల కుప్ప దగ్గరే ఒకరోజు ఆమె ఈ సంగతి చెప్పింది.

"అయ్యగారు ఆజ్ఞ చదివినాడమ్మా. ఆ దినం నువ్వు పని చేయగూడదు, నీ కొడుకు చేయగూడదు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు, నీ గాడిద, నీ వాకిట్లో ఉండే పరదేశి. అందరూ ఉండారు. గాడిద కూడా ఉండాది. పెండ్లాం లేదు."

లేదని ఆమె కూటంలోనే లేచి అడిగిందట. కూటం నడిపే అయ్యగారు నవ్వి, మంచి ప్రశ్న వేశావమ్మా అని మెచ్చుకుని, మొగుడూ పెండ్లామూ ఏకశరీరం గనక నువ్వు అన్న మాటలోనే భార్య కూడా ఉందని చెప్పాడట.

"అట్లయితే ఆయప్ప కూచుంటే నేను కూచున్నట్లేనా అయ్యా అంటిని. అందరూ నవ్విరి. నేనూ నవ్వితిని. నవ్వక ఏం చేసేది."

నేనూ నవ్వాను. మా అత్త చేట చెరుగుతూ వింటోంది, నవ్వలేదు.

ఆ తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం ఆమె మా పశువుల కొట్టంలోకి వచ్చి నిలబడింది. ఆ ఏడే మేతకు దిక్కులేక మా గొడ్లను సంతకు తోలేశారు. కొట్టం ఖాళీ. తొట్టి పక్కన ఒక చప్పట బండ, నాలుగు గుంజలు, ఒలవాల్సిన కాయల కుప్ప, అంతే. మా అత్త ఏం కావాలని అడిగింది. ఏమీ వద్దు, ఇక్కడ కొంచెంసేపు కూచుంటానంది ఆమె. ఎందుకని అడిగింది అత్త.

"మా ఇంట్లో నేను పెండ్లాన్ని. మీ ఇంట్లో పరదేశిని. పరదేశికి సెలవుండాది రెడ్డెమ్మా, నేను బాగా అడిగి తెలుసుకున్నా."

మా అత్త ఆమెను పైనుంచి కిందికి చూసింది. ఎండకు తల తిరిగిందేమో అనుకుందట, తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం, "మా స్వామిదీ శనివారమే. నేను ఒక్కపొద్దుంటా గానీ కూచునేది లేదు" అని, ఆగి, "కూచో పో, గొడ్లు లేవు గదా" అనేసి పోయింది.

ఆమె నడుంలోంచి గుడ్డచుట్ట తీసి పక్కన పెట్టింది. బండ మీద కూచుంది. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. అట్లా ఎవరూ కూచోవడం నేను చూడలేదు. దేనికోసమూ ఎదురుచూడకుండా, ఎవరినీ పలకరించకుండా, ఊరికే. కాసేపటికి ఆమె చేతులు వాటంతటవే పక్కనున్న కాయలు తీసి ఒలవడం మొదలుపెట్టాయి. చూసుకుని ఉలిక్కిపడి, ఆ కాయల్ని కుప్పలోకి విసిరేసి, మళ్ళీ చేతులు వెల్లకిలా పెట్టుకుంది. "చేతులకు చెప్పితే ఇనవు" అంది. ఊరి చివర ట్యాంకరు హారన్ మోగింది. ఒక్క ఉదుటున లేచి, గుడ్డచుట్ట తల మీద పెట్టుకుని పరుగెత్తింది.

అప్పట్నుంచి శనివారం శనివారం వచ్చేది. హారన్ మోగే దాకా కూచునేది. ఒక్కోసారి వచ్చి కూచునీ కూచోకముందే మోగేది. ఇంకోసారి పొద్దు వాలే దాకా మోగేది కాదు, కానీ మోగుతుందేమోనని ఆమె చెవి ఒకటి అటే ఉండేది. నేను ఏదో పని పెట్టుకుని కొట్టంలోకి పోయేదాన్ని. పుట్టింటికి పోయి నాలుగు రోజులు ఉండి రాకూడదా అని ఒకసారి అడిగాను. పోతే అక్కడ వదిన ఉంది, వదిన బిందె తను పట్టాలి, అంది. ఏ ఊరికి పోయినా ట్యాంకరు ఉంది, ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళు ఉన్నారు. మా కొట్టం ఒక్కటే ఆమె పేరు మీద ఏ బిందే లేని చోటు.

ఇంట్లో ఏం చెప్పి వస్తున్నదో మాకు తెలియదు. మేము అడగలేదు. అది ఒక శనివారం తెలిసింది.

ఆరోజు ఆమె బండ మీద ఉంది. మా అత్త కొట్టం గడపలో నిలబడి చేటతో రాగులు చెరుగుతోంది. నేను తొట్టి కడుగుతున్నట్లు నటిస్తున్నాను. వీధిలోంచి పాట వినపడింది. ఒకరిద్దరిది కాదు, గుంపుది. దగ్గరికి వస్తోంది. బండ మీదున్నామె మా అత్త వైపు తిరిగింది.

"రెడ్డెమ్మా, నేనొక తప్పు మాట చెప్పినా" అంది.

రోగులను చూడబోవడం, వాళ్ళ కోసం ప్రార్థన చేయడం ఆ దినాన తగిన పనే అని వాళ్ళ నమ్మకం. అందుకని రెడ్డెమ్మకు మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేకుండా ఉందని, తను పోయి పక్కన కూచుని ప్రార్థన చేస్తున్నానని ఇంట్లో చెప్పింది. భర్త ఆనందపడి కూటంలో చెప్పాడు. కూటమంతా వారం వారం మా అత్త మోకాళ్ళ కోసం ప్రార్థన చేస్తోంది. ఆ మోకాళ్ళు ఎంతకీ బాగుపడకపోయేసరికి ఈరోజు అయ్యగారే అందరినీ వెంటబెట్టుకుని బయల్దేరాడు.

మా అత్త సంగతి నాకు తెలుసు. అబద్ధం ఆడాడని పాలవాడిని వీధిలో నిలబెట్టి కడిగేసిన మనిషి. ఇక ఈమె పని అయిపోయిందనుకున్నాను. ఇక్కడ నిజం తెలిస్తే ఇంక ఈ కొట్టానికి రాలేదు. ఊళ్ళో తలెత్తుకోలేదు. అంత నమ్మిన భర్త మొహం చూడలేదు. ఆమె బండ మీదనుంచి లేచి నిలబడింది గానీ పోవడానికి దారి లేదు. కొట్టానికి ఒకటే వాకిలి, ఆ వాకిలి వైపే పాట వస్తోంది.

మా అత్త ఆమె వైపు చూసింది. ఆ తల మధ్య బట్టతల వైపు చూసిందనుకుంటా. చేట నా చేతికిచ్చింది.

"మంచం వాల్చు" అంది.

గోడకు నిలబెట్టి ఉన్న మంచాన్ని వాల్చాను. మా అత్త పడుకుంది. పగటిపూట ఆమె పడుకుని ఉండగా చూడడం నాకు అదే మొదటిసారి. గుంపు వచ్చి వాకిట్లో నిలబడింది. అయ్యగారు ఒక్కడే కొంచెం ముందుకొచ్చి, గడప దాటకుండా, చెయ్యి చాచి ప్రార్థన మొదలుపెట్టాడు. కీళ్ళలోని నొప్పిని, నరాల్లోని పట్టును, ఒకదాని తర్వాత ఒకటి పేరు పెట్టి వెళ్ళగొట్టాడు. వెనక ఆమె భర్త కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. మా అత్త కొట్టం కప్పులోని బోదగడ్డిని చూస్తూ కదలకుండా పడుకుంది. ఆమెన్ అన్నారు. అయ్యగారు కళ్ళు తెరిచి ఇప్పుడెట్లా ఉందమ్మా అని అడిగాడు.

ఇది మేము అనుకోలేదు. బాగైందంటే వచ్చే శనివారం నుంచి ఆమెకు వచ్చే పని లేదు. బాగు కాలేదంటే ఇంతమంది ప్రార్థన వట్టిదని మొహం మీద అన్నట్లు. ఆమె బండ పక్కన గుంజ పట్టుకుని నిలబడింది.

మా అత్త నిదానంగా చెప్పింది: "కొంచెం మేలుగా ఉండాదప్పా. ఈయమ్మ శనివారం శనివారం వచ్చి పక్కన కూచుంటే ఇంగా మేలైతాదేమో."

అయ్యగారు దేవునికి స్తోత్రం చెప్పాడు. భర్త రెండు చేతులూ జోడించాడు. పాడుకుంటూ వెళ్ళిపోయారు.

వాళ్ళు మలుపు తిరిగే దాకా ఆగి మా అత్త మంచం మీద లేచి కూచుని ఆమెను దులిపేసింది. నిక్షేపంలా ఉన్న నాకు రోగం అంటగడతావా, నీ నోట్లో మన్ను పడ, నిజంగా వస్తే నీ దేవుడొచ్చి పడతాడా నా కాళ్ళు, అని. ఆమె ఏడుస్తూ నవ్వుతూ కాళ్ళ మీద పడబోయింది. అత్త కాళ్ళు వెనక్కి తీసుకుంది.

మరుసటి శనివారం మంచం నేను వాల్చలేదు. మా అత్తే వాల్చుకుంది. కాలనీవాళ్ళు ఆ దారినే పోతుంటారు గదా, చూస్తే ఏమనుకుంటారు, అంది. నన్ను పక్కన కూచుని కాళ్ళు పట్టమంది. కాసేపటికి, పట్టొద్దు, పట్టినట్లు కూచో, అంది. మొదట్లో ఎవరైనా పోతుంటేనే కూచునేదాన్ని. తర్వాత తర్వాత ఎవరూ పోకపోయినా కూచున్నాను. "ఏమే, పనేమీ లేదా" అని ఆ ఒక్క పూట ఆ కొట్టంలో వినపడలేదు. ఆ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళకు పట్టపగలు నా నడుం గోడకు ఆనింది, నాకు ఏడుపొచ్చింది. మా మామ ఇదంతా నిజమే అనుకుని బళ్ళారి నుంచి నొప్పుల తైలం తెప్పించాడు. దాన్ని మా అత్త మోకాళ్ళకు కాకుండా గుంజలకు రాసేది, వాసన ఉంటే చాలని.

ముగ్గురం తలుపు దగ్గరికి వేసుకుని ఆ చీకటి కొట్టంలో కూచునేవాళ్ళం. సుఖంగా కూచున్నామని చెప్పను. దొంగల్లా కూచున్నాం. అడుగు చప్పుడైతే అత్త మూలిగేది, నేను కాళ్ళ మీద చెయ్యి వేసేదాన్ని, ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. ఆ చప్పుడు పోయాక మళ్ళీ ఊపిరి తీసుకునేవాళ్ళం.

"దేవుడు అంతా చేసినాక బాగుందని చూసుకొని కూచున్నాడంట" అని ఆమె ఒకసారి అంది. "నాకు చూసుకునేదానికి ఏముండాది రెడ్డెమ్మా? సంగటి చేస్తా, తింటారు. నీళ్ళు తెస్తా, తాగుతారు. బాగుందని చూసేలోపల బిందె ఖాళీ."

ఇంకోసారి, "ఒక ఆజ్ఞను నిలబెట్టేదానికి ఇంకో ఆజ్ఞను ఇరగ్గొడతాండా. ఈ అబద్ధానికి ఆయన ఏమంటాడో" అంది. ఆ రోజు నవ్వలేదు. ఆమెకు భయం ఉండేది. నమ్మకం లేనిదైతే భయపడేది కాదు. ఆ విశ్రాంతి నిజంగా దేవుడిచ్చిందేనని ఆమె భర్తకంటే ఆమే ఎక్కువ నమ్మింది, అందుకే దాన్ని దొంగతనం చేసైనా తీసుకోవాలనుకుంది. మా అత్త మంచం మీదనుంచే, "ఏమన్నా అంటే నా దగ్గరికి పంపు" అంది.

కరువు ముదిరింది. వాళ్ళ ఎద్దులు కూడా పోయాయి. సేద్యం లేదు, కూలి లేదు. మగవాళ్ళు రచ్చబండ మీద వారం పొడుగునా కూచునే ఉండేవాళ్ళు. కరువు వాళ్ళకు ఏడు దినాలూ విశ్రాంతి దినాలు చేసిపెట్టింది, ఆడవాళ్ళకు ట్యాంకరును ఇచ్చింది. ఆమె భర్త అట్లా కూచోలేక కుమిలిపోయాడు, అది నేను కాదనను. కానీ కుమిలేవాడికీ దాహం వేస్తుంది గదా.

చివరిసారి వచ్చినప్పుడు ఆమె బండ దాకా నడిచేసరికే ఎగశ్వాస పెట్టింది. అనంతపురం పెద్దాసుపత్రికి పోదాం, నేను తోడొస్తానన్నాను. శుక్రవారం సిద్ధపాటు, శనివారం ఇక్కడ, మిగతా దినాలు కూలి దొరికితే కూలి, ఏ దినం పోదామంటావు చెప్పు, అంది. కొంచెంసేపటికే హారన్ మోగింది. ఆమె లేవలేదు. "ఇంగ కొంచెంసేపు పరదేశినే" అని కళ్ళు మూసుకుంది. అత్తా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. హారన్ రెండోసారి మోగింది. లేచి గుడ్డచుట్ట తీసుకుంది. గడప దగ్గర ఆగి ఆ బండ వైపు తిరిగి చూసింది. ఏమైనా మరిచిపోయిందేమోనని నేనూ చూశాను, బండ మీద ఏమీ లేదు.

ఆ తర్వాతి శుక్రవారమే పోయింది.

ఆ శనివారం మా అత్త లోపల ఆమె పక్కన చాలాసేపు కూచుంది. ఆమెను చాప మీద పడుకోబెట్టి తెల్లదుప్పటి కప్పారు. చేతులు రెండూ పైనే ఉన్నాయి. ఎవరో వాటిని ఛాతీ మీద కలిపి పెట్టారు. మా అత్త వాటిని విడదీసి, పక్కలకు తీసి, వెల్లకిలా పెట్టింది. బయటికొచ్చి వేపచెట్టు కింద నేల మీదే కూచుంది. నేనూ కూచున్నాను.

భర్త కుర్చీలోంచి దిగి కొంచెం దూరంలో గొంతుక్కూచున్నాడు. కాసేపు నేల గీకాడు.

"మీ మోకాళ్ళకు ఏం లేదని నాకు తెలుసు రెడ్డెమ్మా" అన్నాడు. "మేమొచ్చి ప్రార్థన చేసి పోయినాక కొన్ని దినాలకే మీరు కుందుర్పి సంతకాడ ట్రాక్టరు ఎక్కతా ఉండంగ చూసినా. ఆమెను అడగల్యా. పోయి కూచోనీలే అని నేనే ఊరకుంటి."

అంటే ఇన్నేళ్ళూ ఆయనకు తెలుసు. పొద్దున వాకిట్లో అందరి ముందూ మోకాళ్ళ గురించి అడిగింది ఆమె మాట నిలబెట్టడానికి. ఆ మనిషి మీద నాకు జాలేసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంచి మాటేదో వస్తుందని మా అత్త వైపు చూస్తున్నాడు.

"తెలిసి ఊరకుంటివా" అంది అత్త.

"ఊరకుంటి."

"ఊరకుండేది మాత్రం బాగా నేర్చినావప్పా. ఒక్క శనివారం ఆ బిందె నువ్వు ఎత్తుకొనుంటే ఆయమ్మ నా కొట్టంలో దాక్కునే పని ఏముండె?"

గోడవార పాట ఆగింది.

అప్పుడే హారన్ మోగింది. చావొచ్చిందని ట్యాంకరు ఆగదు గదా. చుట్టుపక్కల ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా లేచారు, బిందెల చప్పుడు. ఈ ఇంటి తలుపు పక్కన ఆమె బిందెలు వరసగా బోర్లించి ఉన్నాయి, శుక్రవారం చింతపండుతో తోమినట్లున్నాయి, తళతళలాడుతున్నాయి. పైన మేకుకు గుడ్డచుట్ట వేలాడుతోంది. పక్కింటామె ఆ బిందెల వైపు ఒక అడుగు వేసింది. నేనూ లేవబోయాను. మా అత్త నా కొంగు పట్టుకుంది.

"కూచో. ఈ పొద్దు శనివారం" అంది, అందరికీ వినపడేట్లు. పక్కింటామె అడుగు వెనక్కి తీసుకుంది.

ఆ ఇంటి ముందు ఎవరూ కదల్లేదు. భర్త ఆ బిందెల్ని చూశాడు. తెల్లచీరల వాళ్ళను చూశాడు. పొద్దు ఎక్కడుందో తలెత్తి చూశాడు. పొద్దు మునగడానికి ఇంకా చాలా ఉంది. రెండోసారి హారన్ మోగింది. ఆయన లేచి పోయి ఒక బిందె తీసుకున్నాడు. మేకు మీది గుడ్డచుట్ట కూడా తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతిలోనే పట్టుకుని వీధిలోకి నడిచాడు.

మేము కూచున్న చోటికి ట్యాంకరు కనపడుతుంది. ఆడవాళ్ళ వరస ఆయనకు దారి వదిలింది. ఎవరూ నవ్వలేదు. పైపు కింద బిందె నిలబెట్టడం చేతకాక సగం నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. ఒకామె వచ్చి బిందె సరిచేసి, ఎత్తి ఆయన భుజం మీద పెట్టింది. గుడ్డచుట్టను ఆ బిందె కింద సర్దింది. ఆయన తిరిగి వస్తుంటే అడుగడుక్కీ నీళ్ళు తొణికి చొక్కా తడిసిపోయింది, నడుం ఒక పక్కకు వంగిపోయింది. గడప దగ్గరికొచ్చాడు. లోపలికి తల వంచి, ఇన్నేళ్ళ అలవాటున పిలిచాడు.

"ఏమ్మే, రా. పట్టుకో."

లోపల్నుంచి ఎవరూ రాలేదు. ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. బిందె భుజం మీద అట్లాగే ఉంది, నీళ్ళు వీపు మీదనుంచి కారి గడప మీద పడుతున్నాయి. ఎవరైనా దింపుతారేమోనని మా వైపు తిరిగాడు.

"ఆయమ్మ ఈ పొద్దు లేయదప్పా" అంది మా అత్త. "నువ్వే దించుకో."